నీలి కార్ఖానా గోడమీది లెక్క

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



మన గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన ఈ శుభసమయమున నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు నన్ను కోరిరి. ఏ విషయమును గూర్చి యని యడిగితిని. "మీ చిన్ననాటి ముచ్చట ఏదైనను చెప్పుడు, పిల్లలు సంతోషింతురు" అనిరి. నేను పండితుడను కాను. కళాశాల గడప త్రొక్కినవాడను కాను. పగలెల్ల సహకార సంఘమున జమాఖర్చులు వ్రాసి, రాత్రివేళ నిఘంటువును ప్రక్కన బెట్టుకొని, ఈ గ్రంథాలయపు పుస్తకములతోనే భారత భాగవతములు చదువ నేర్చినవాడను. కావున నా మాటలలో సాహిత్యముకంటె లెక్కలు హెచ్చుగా నుండిన క్షమింపుడు. చెప్పబోవునది కూడ ఒక లెక్కను గూర్చియే.

ఈ భవనమునకు తూర్పున, పెన్నేటి దారికి ఎడమ ప్రక్కన, సర్కారు తుమ్మ చెట్లనడుమ రెండు రాతి తొట్లను మీరందరును చూచియే యుందురు. ఎనుములను కడుగుటకు కట్టినవని నేటి పిల్లలు తలంచుచున్నారు. అవి ఎనుముల తొట్లు కావు, నీలిమందు తీసిన తొట్లు. నా చిన్ననాట అచ్చట తొట్లే కాక, ఎత్తైన పొగగొట్టమును, ఇటుకల మిద్దెయు, నీళ్ళు తోడు బావియు నుండెడివి. వాని నన్నింటిని కలిపి ఊరివారు నీలికార్ఖానా యనెడివారు. దానిలోనికి మాత్రము ఎవరును పోయెడివారు కారు.

నీలి యన నేమో ఎరుగని పిల్లలకొరకు కొంచెము చెప్పెదను. నీలిమొక్కకు అవిరి యనియు పేరు కలదు. నడుమెత్తు వరకు పెరుగు చిన్న పొద అది. ఆకు పచ్చగనే యుండును. అందు నీలము దాగియున్నదని చూచినవా రెవరును అనుకొనరు. పూతకు వచ్చువేళ కోసి, మోపులు గట్టి, ఆకు వాడకమునుపే బండ్లమీద కార్ఖానాకు తోలుకొని వచ్చెడివారు. అచ్చట ఒకదానికంటె ఒకటి పల్లముగా తొట్లు కట్టియుండును. పై తొట్టిలో మోపులు పేర్చి, తేలకుండ దూలములతో అదిమి, నీరు పెట్టుదురు. పదిపండ్రెండు గంటలు నానిన పిదప ఆకులోని సారము నీటిలోనికి దిగును. అప్పుడు తూము తెరచి ఆ నీటిని క్రింది తొట్టిలోనికి విడుతురు. అది అప్పటికింకను నీలము కాదు. పసుపును ఆకుపచ్చయు కలసిన వన్నె. కూలివారు నడుములోతున దిగి, తెడ్లతో రెండు మూడు గంటలు దానిని చిలుకుదురు. గాలి సోకినకొలది నురుగు నీలమగును, పిదప నీరెల్ల నీలమగును. అటుపిమ్మట సున్నపు నీరు కలిపి కదల్పక యుంచిన, రంగు అడుగున పేరుకొనును. పైనీరు పోనిచ్చి, అడుగుది కాచి, గుడ్డలో వడగట్టి, ఒత్తి, బిళ్ళలుగా కోసి, నీడపట్టున ఆరబెట్టుదురు. ఇంత చేసినను నూరు మణుగుల పచ్చి ఆకునకు ఒక్క మణుగు రంగైనను దక్కదు. అందుచేత ఆకు బండ్లకు బండ్లు కావలసి వచ్చెడిది.

ఆకులో నుండునది ఇండికాను అను రంగులేని పదార్థమనియు, అది నీట నానినపుడు విడిపోయి, గాలిలోని ప్రాణవాయువు తగిలిన పిదపనే నీలముగా మారుననియు రసాయన శాస్త్రజ్ఞులు చెప్పుదురు. గాలి తగులనంతవరకు నీలము బయటపడదన్నమాట. ఈ సంగతిని మీరు జ్ఞాపకముంచుకొనవలెనని వేడుచున్నాను.

ఈ రంగును గ్రీకులు 'ఇండికోన్' అనిరి. భారతదేశపుది యని దాని యర్థము. ఇంగ్లీషువారి ఇండిగో యను మాట దానినుండియే పుట్టినది. మన కడప సీమ నీలికి లండను విపణిలో 'కర్పా' యని పేరు. అది కడప అను మాటకు వికృతి. వంగదేశమున నీలితోటల దొరలు రైతులను బలవంతపెట్టి ఈ పైరు వేయించిరి. 1859, 60 సంవత్సరములలో అచ్చటి రైతులు తిరుగబడిరి. 1860లో దీనబంధు మిత్ర ఆ బాధలను 'నీల్ దర్పణ్' అను నాటకముగా వ్రాసెను. దాని యింగ్లీషు అనువాదమును అచ్చొత్తించినందుకు జేమ్స్ లాంగ్ అను పాదిరికి 1861లో నెలదినముల కారాగారమును, వేయి రూపాయల జుల్మానాయు పడెను. మన మద్రాసు రాజధానిలో అట్టి తోటదొరల దండు లేదు. ఇచ్చట రైతు తన పట్టా భూమిలోనే నీలి పండించెను. కావున ఇచ్చట కొరడా లేదు. కాని బయానా కలదు. బయానాకు పద్దు కలదు. పద్దునకు కరణము కలడు. ఆ కరణము మా ముత్తాతగారు.

ఇక నా ముచ్చటకు వచ్చెదను.

1986వ సంవత్సరపు వేసవి. నాకు పదునారేండ్లు. నా మిత్రునికిని అంతే. ఆతడు ఈ సభలో మూడవ వరుసలో కూర్చుండియున్నాడు. తన పేరు చెప్పవద్దని ముందుగనే నాచేత మాట తీసికొనినాడు. కావున మిత్రుడనియే చెప్పెదను. ఇద్దరమును పదవ తరగతి పరీక్షలు వ్రాసి ఊరక తిరుగుచుంటిమి. కార్ఖానాలో దొర దయ్యము గలదనియు, అమావాస్యనాడు తెల్లగుఱ్ఱముపై తొట్లచుట్టు తిరుగుననియు పెద్దలు చెప్పగా వినుచుంటిమి. దొరను చూచినవాడు ఊరిలో నొక్కడును లేడు. అయినను భయపడనివాడును లేడు. అబద్ధపు వదంతిని తెలుగున నీలివార్త యందురు గదా! అద్దకమువారి నీలికాగు చెడినప్పుడు ఏదో ఒక అబద్ధమును ఊరిలో పుట్టించిన కాగు కుదురుకొనునని పూర్వులకొక నమ్మకము ఉండెననియు, ఆ మాట అందుండి వచ్చినదనియు పెద్దలు చెప్పుదురు. మన దొర దయ్యమును అట్టి నీలివార్తయే యని నాకు తరువాత తెలిసినది.

ఒకనాటి మధ్యాహ్నము నా మిత్రుడు, "పగటిపూట దయ్యానికి ఏం పనుంటాది? పోదాం పా" అనెను. పోయితిమి. తుమ్మముళ్ళు తప్పించుకొనుచు తొట్లయొద్దకు చేరితిమి. పై తొట్టి అడుగున ఎండిన ఆకులును, ఒక పాముకుబుసమును ఉండెను. క్రింది తొట్టి గోడను రాతితో గీచి చూచితిని. పైపొర నలుపు, దానిక్రింద నీలము. ఎనుబదేండ్లకు పైగా ఎండకు ఎండి వానకు తడిసిన గోడలో ఆ రంగు అట్లే యుండుట చూచి మేమిద్దరమును కొంతసేపు మాటాడలేదు.

పిమ్మట మిద్దె యెక్కితిమి. అది రంగుబిళ్ళలు ఆరబెట్టిన అటక. నేలకు చెక్కపలకలు పరచియుండిరి. పైకి బాగుగనే కానవచ్చెను గాని లోపలంతయు చెదలు. నేను నాలుగడుగులు వేసితినో లేదో, పలక ఫెళ్ళున విరిగి క్రింది కొట్టులో పడితిని. మడమ బెణికెను. లోపల చీకటి. తలుపు ఉండవలసినచోట రాళ్ళు పేర్చి మట్టితో మూసియుండిరి. పైనుండి నా మిత్రుడు, "ఏమైనా ఇరిగిందా? నువ్వు కదలాకు, నేనొస్తాండా" అని కేకవేసి, తువాలును ఒక దూలమునకు కట్టి, దానిని పట్టుకొని దిగి వచ్చెను. ఆతడు రాకున్న నేను ఆ రాత్రి అక్కడనే యుండవలసినవాడను. మేము పోయినట్లు ఊరిలో ఎవరికిని తెలియదు.

ఆతని జేబులో అగ్గిపెట్టె యుండెను. పుల్ల గీచితిమి. గోడకు తెల్లని సున్నపు పూత. దానిమీద, మనుష్యుని భుజమెత్తున, వ్రేలితో వ్రాసిన నీలిగీతలు వరుసలు వరుసలుగా నుండెను. ఒక్కొక్క వరుసకు మొదట నొక బొమ్మ. ఒకచోట నాగలి, ఒకచోట చేప, ఒకచోట గంట. బొమ్మకు ప్రక్కన నిలువుగీతలు నాలుగు, వానిని కొట్టివేయుచు అయిదవది అడ్డగీత. మరల నాలుగు, మరల అడ్డగీత. తొట్టిలో దిగి చిలికినవారు తడిచేతితో గీచిన గీతలవి. అక్షరములు రానివారు గోడమీద లెక్క వ్రాసికొనిరి. ఏ రైతు బండ్లెన్ని తొట్టిలో పడినవో ఆ లెక్క.

రెండవ పుల్ల గీచినప్పుడు నా మిత్రుడు ఒక బొమ్మకు దగ్గరగా పోయి, "ఇది మా తేలు గదరా! మా ఎద్దుల తొడమీద ఏసేది ఇదే" అనెను. అది తేలు బొమ్మయే. తోక ఎడమకు తిరిగియున్నది. ఆతని యింటి ఎద్దులకు నేటికిని అదియే ముద్ర. ఆ వరుసలోని గీతలు లెక్కపెట్టితిమి. అయిదేసి గీతల కట్టలు ఎనిమిది, విడిగా ఒకటి. మొత్తము నలుబదియొకటి.

తలుపునకు పేర్చిన రాళ్ళను ఒక్కొక్కటిగా ఊడదీసి సాయంకాలమునకు బయటపడితిమి. ఆతడు నన్ను వీపుమీద మోసికొని ఇల్లు చేర్చెను. చెమటపట్టిన చేతితో గోడను తడవినందున నా అరచేయి నీలమయ్యెను. కడిగినను పోలేదు. అమ్మ చూచి తాతగారితో చెప్పెను.

తాతగారికి అప్పటికి ఎనుబదేండ్లు. నా చేతిని తన చేతిలోనికి తీసికొని చాలసేపు చూచిరి. కోపపడుదురని యనుకొంటిని. ఆయన, "ఆ గోడ ఇంకను నిలిచియున్నదా?" అని మాత్రము అడిగిరి. నిలిచియున్నదంటిని. "ఎన్ని గీతలురా?" అనిరి. నేను తేలు వరుస సంగతి చెప్పితిని. ఆయన లేచి, భోషాణము తెరచి, అడుగున గుడ్డలో చుట్టియున్న ఒక ఆవర్జాను తీసి నా యెదుట పెట్టిరి. అది విళంబి నామ సంవత్సరపుది, అనగా 1898. మా ముత్తాతగారి చేతివ్రాత, ముత్యములవలె నుండెను.

తేలు నిశాని గల పుటను తాతగారే తీసి చూపిరి. బయానా 60 రూపాయలు. బండి ఆకునకు రూపాయిన్నర చొప్పున 27 బండ్లకు జమ 40 రూపాయల 8 అణాలు. నిలువ బాకీ 19 రూపాయల 8 అణాలు. దానిక్రింద పదునాలుగు చోట్ల ఒకే మాట: "ఆకు వాడినది, జమ లేదు." ఇరువదియేడును పదునాలుగును నలుబదియొకటి. గోడ చెప్పినదియు అదే.

"వాడిన ఆకును తొట్టిలో వేయరురా" అనిరి తాతగారు. "తొట్టిలో వేసిన ఆకునకు జమ కట్టవలెను. ఆ పదునాలుగు బండ్లును తొట్టిలో పడినవి. కంపెనీ గుమాస్తా అట్లు వ్రాయుమన్నాడని మా నాయనగారు చివరిదినములలో నాతో చెప్పిరి. చెప్పినవా రెవరైన నేమి, వ్రాసిన చేయి మనది."

ఆ పదునాలుగు బండ్లకు 21 రూపాయలు. అది జమ కట్టినచో ఆ రైతు బాకీ తీరిపోవుటయే గాక, ఆతనికే రూపాయి 8 అణాలు ఎదురు రావలసియుండెను. కాని జమ కాలేదు. కార్ఖానా మూతపడిన పిదప కంపెనీవారి బాకీ పత్రములను మా ముత్తాతగారు తక్కువ ధరకు కొనిరి. 19 రూపాయల 8 అణాలకు నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ. ఆరేండ్లకు అది 47 రూపాయల చిల్లర యయ్యెను. 1904లో దానిక్రింద రెండెకరముల ముప్పది సెంట్లు మా పట్టాలో చేరెను. ఆ భూమి గలవాడు నా మిత్రుని ముత్తాత.

మఱి ఆ దయ్యమో? తాతగారు ఇట్లు చెప్పిరి. ఆ గోడను పడగొట్టించుటకు మా ముత్తాతగారికి చేతులు రాలేదు, నలుగురిని చూడనిచ్చుటకు మనసు రాలేదు. అందుచేత తలుపు మూయించి, దొర దయ్యమును కాపలా పెట్టిరి.

ఆకును అట్లేల త్రోసిపుచ్చిరో నాకప్పుడు తెలియలేదు. తరువాత పుస్తకములు చదివి తెలిసికొంటిని. జర్మనీ దేశమున ఆడాల్ఫ్ ఫాన్ బేయర్ అను శాస్త్రజ్ఞుడు 1880లో నీలిరంగును ప్రయోగశాలలో తయారుచేసెను. 1883లో దాని నిర్మాణమును కనుగొనెను. 1905లో నోబెల్ బహుమానము పొందెను. 1897లో అచ్చటి బి.ఎ.ఎస్.ఎఫ్. అను కంపెనీ ఆ కృత్రిమ నీలిని విపణికి తెచ్చెను. పొలముతో పనిలేదు, ఆకుతో పనిలేదు, వానతో పనిలేదు. ధర పడిపోయెను. ఇరువది యేండ్లు గడువకమునుపే మన దేశపు నీలిసాగు సుమారు పదవవంతునకు దిగెను. మొదటి ప్రపంచ యుద్ధకాలమున జర్మనీ రంగు రాక నిలిచినందున కొంత కోలుకొన్నను, తరువాత మరల పడిపోయెను. అదే కాలమున బీహారులోని చంపారన్ జిల్లాలో, బిగాకు ఇరువది కఠాలలో మూడు కఠాలు నీలి వేయవలెనను కట్టుబాటునుండి విడుదల కావలెనన్న, రైతులు శిస్తు పెంపునకు ఒప్పుకొనవలెనని తోటదొరలు పీడించిరి. 1917లో గాంధీమహాత్ముడు అచ్చటికి పోయి, రైతుల వాఙ్మూలములను వేలకొలది వ్రాయించెను. 1918లో ఆ కట్టుబాటు చట్టముచే రద్దయ్యెను. నష్టము వచ్చినపుడు వర్తకుడు దానిని గుమాస్తామీదికి, గుమాస్తా కరణముమీదికి, కరణము రైతుమీదికి త్రోయుదురు. రైతు త్రోయుటకు తనక్రింద భూమి తప్ప ఏమియు లేదు. చంపారన్‌లో రైతుల మాటను వ్రాసికొనువారు దొరికిరి. మన ఊరిలో ఒక గోడ మాత్రము వ్రాసికొన్నది.

నేను ఆనాడే నాయనగారి నడిగితిని. "కాలదోషము పట్టిన లెక్క అది. గోడమీది గీతలు ఏ కోర్టులో సాక్ష్యము?" అనిరి. చట్టప్రకారము ఆయన మాట సరియైనదే. ఆయన దుర్మార్గులు కారు. 1984లో కరణీకములు రద్దయినవి. జీతము పోయినది. ఆ రెండెకరముల ముప్పది సెంట్ల వేరుశనగ మీదనే మా యిల్లు గడచుచుండెను. నాయనగారి మాటకు నేను బదులు చెప్పలేకపోతిని. అంతవరకు నా తప్పు లేదు.

నా తప్పు అటుపిమ్మటిది. నా మిత్రునికి గోడమీది నలుబదియొకటి తెలియును. పుస్తకములోని ఇరువదియేడు తెలియదు. నేను చెప్పలేదు. ఆ సంవత్సరమే ఆతని తండ్రి జబ్బుపడెను. ఆతడు చదువు మాని కూలికి కుదిరెను. ఎవరి భూమిలో? మా భూమిలో. అనగా తన భూమిలో. సాయంకాలమున మా యింటి అరుగుమీద నేనే ఆతనికి కూలి లెక్కగట్టి యిచ్చుచుంటిని. ఆతడు నన్ను వీపుమీద మోసికొని వచ్చినవాడు. ఇట్లు పదునాలుగేండ్లు గడచెను. బండికొక యేడు పడినదని నేటికిని నాకు తోచుచుండును.

నాయనగారు కాలము చేసిన పిదప పట్టా నా పేరికి వచ్చెను. అప్పుడు ఆవర్జాను సంచిలో పెట్టుకొని ఆతని యింటికి పోయితిని. పుట తెరచి, చదివి వినిపించితిని. ఆతడు చాలసేపు ఊరకుండెను. పిమ్మట, "నువ్వు ఆ పొద్దే చెప్పింటే నేను బడి మానింటానా?" అనెను. ఆ ప్రశ్నకు నాయొద్ద జవాబు లేదు. నేటికిని లేదు.

మూడు దినములు ఆతడు మా వీధికి రాలేదు. నాలుగవనాడు వచ్చి గడప బయటనే నిలుచుండి, "భూమి తీసుకుంటా. నాది గాబట్టి తీసుకుంటా. దారి పక్క పది సెంట్లు మాత్రం ఊర్లో పెట్టాలనుకుంటాండే బుక్కుల ఇంటికి ఇచ్చేయి. మా ముత్తాతకు నాలుగక్షరాలు వచ్చింటే గోడమీద తేలు గీసే పని ఉండేది కాదు" అనెను.

అట్లే జరిగినది. రెండెకరముల ఇరువది సెంట్లను ఆతని పేర రిజిస్టరు చేయించితిని. నేను అమ్మితినని ఊరివారు తలచిరి. కాదని నేను చెప్పలేదు. పది సెంట్లను గ్రంథాలయము పేర వ్రాసితిని. పట్టా నాది గనుక దాతలుగా మా కుటుంబపు పేరును రాతిమీద చెక్కించిరి. వలదని నేను చెప్పలేదు. ఇరువదియైదేండ్లుగా మీరందరును ఈ భవనమున అడుగిడునపుడు చూచుచున్న శిలాఫలకము అదియే. సభలలో నాకు పూలదండలు వేసితిరి. నేను వేయించుకొంటిని. నా మిత్రుడు మూడవ వరుసలో కూర్చుండి చప్పట్లు కొట్టెను.

పంచతంత్రములో నీలిభాండమున పడిన నక్క కథను పిల్లలందరు చదివియే యుందురు. మేనికి నీలిరంగు అంటగా అది మృగములకు రాజయ్యెను. మేము నక్కలము కామని తోడి నక్కలను తరిమివేసెను. ఒకనాటి రాత్రి దూరమున నక్కలు కూయగా తానును కూసి బయటపడెను. ఈ ఫలకము నాకంటిన రంగు. నేడు నేను కూయుచున్నాను. కూత నక్కకు ప్రాణాపాయమైనది. నాకు మాత్రము ఇన్నాళ్ళకు ఊపిరి సలుపుచున్నది.

మనుస్మృతి పదియవ అధ్యాయమున బ్రాహ్మణుడు అమ్మరాని వస్తువుల పట్టికలో నీలియు నొకటి. మా ముత్తాతగారు ఆ నియమమును తప్పలేదు. నీలిని ఎన్నడును అమ్మలేదు. నీలిమీది అప్పును కొనిరి. శాస్త్రముయొక్క అక్షరమును పట్టుకొని అర్థమును విడుచుట ఎట్లో మా యింటి ఆవర్జాలో చూడవచ్చును. సాహిత్యదర్పణకారుడు అనురాగమును మూడు విధములుగా చెప్పెను. కుసుంభరాగము మెరయును, పోవును. మంజిష్ఠారాగము మెరయును, పోదు. నీలీరాగము పైకి అంతగా మెరయదు, మనస్సునుండి పోదు. నా మిత్రుని స్నేహము నీలీరాగము. నా అపరాధమును అంతే.

ఇక నా మనవి. గత మాసమున నా మిత్రుని యింటికి పోయి ఈ సంగతి సభలో చెప్పుటకు అనుమతి అడిగితిని. "ఇప్పుడెందుకు?" అని మొదట అనెను. "లెక్క ముగియవలెను గదా" అంటిని. కొంచెము ఆలోచించి, "సరే, నా పేరు మాత్రం చెప్పాకు. మా ముత్తాత తేలు చాలు" అనెను. కావున గ్రంథాలయ కార్యవర్గమువారిని ప్రార్థించుచున్నాను. ఆ శిలాఫలకమునుండి మా కుటుంబపు పేరును తొలగింపుడు. ఆ స్థానమున తోక ఎడమకు తిరిగిన ఒక తేలు బొమ్మను, దానిప్రక్క నలుబదియొక్క గీతను చెక్కింపుడు. ఖర్చు నాది. చూచినవారు ఇదేమని యడుగుదురు. అడిగినవారికి చదువ వచ్చినవారెవరైనను ఈ సంచికలోని ఈ పుటలను చదివి వినిపింతురు.

ఆ కొట్టుగోడ తరువాతి వానలకు కూలిపోయినది. కూలకమునుపు నా మిత్రుడు తేలుబొమ్మయున్న సున్నపు పెళ్ళను ఊడదీసి గోనెలో దాచెను. దానిని నేడు గ్రంథాలయమునకు ఇచ్చుచున్నాడు. నేను మా ఆవర్జాను ఇచ్చుచున్నాను. రెండింటిని ఒకే బీరువాలో, ఒకే అరలో, ఎదురెదురుగా ఉంచవలెనని కోరుచున్నాను. ఏ లెక్కకైనను రెండు ప్రతులుండవలెను. ఇచ్చినవాని ప్రతి యొకటి, పుచ్చుకొన్నవాని ప్రతి యొకటి. రెండును కలిసినప్పుడే లెక్క.

మన జిల్లాకేంద్రమగు కడపలో సి.పి. బ్రౌన్ దొర నివసించిన బంగళా శిథిలమై మొండిగోడలుగా నిలిచియుండగా, జానుమద్ది హనుమచ్ఛాస్త్రిగారు పట్టుబట్టి కృషిచేసి ఆ స్థలమున గ్రంథాలయమును నిలిపిరి. పాడుపడిన గోడలనుండి పుస్తకము లేచుట మన సీమకు క్రొత్త కాదు. మన పల్లెలోనిది దానికంటె చిన్నది. కాని దాని పునాదిక్రింద ఏమున్నదో తెలిసికొని చదువుకొనుట మంచిది.

పిల్లలారా, పాడుపడిన కట్టడములలోనికి పోవలదని పెద్దలు చెప్పినప్పుడు వినుడు. చెదలు తిన్న పలకలు నిజమైనవే. పాములును నిజమైనవే. అయితే దయ్యము గలదని మాత్రము చెప్పినచో, ఆ దయ్యమును అచ్చట పెట్టిన వారెవరో అడుగుడు. వేలిముద్ర వేయుటకు ముందు చదువుడు, చదివించుకొనుడు. మీ యింటి పుస్తకములలో "జమ లేదు" అను మాట కనబడినచో, ఎందుకు లేదో వెదకుడు. వెదకి కనుగొన్నచో, నావలె పదునాలుగేండ్లు ఊరకుండవలదు.

లెక్కలు వ్రాయువారికి సవరణ పద్దు అనునది యొకటి కలదు. తప్పు పడిన పుటను చింపరాదు, చెరపరాదు. తప్పును తప్పుగనే యుంచి, తరువాతి పుటలో దానిని సవరించి, తేది వేసి, సంతకము చేయవలెను. మా ముత్తాతగారి పుటకు ఈ ప్రసంగము సవరణ పద్దు. సంతకము నాది.